ఫోటో కింద రాసే మాట

వేళ్ళు వెదుక్కుంటూ వచ్చేవాళ్ళంటే మనకి మొదట్నించీ గౌరవమే. అలెక్స్ హేలీ 1976లో రాసిన 'రూట్స్'ని సహవాసి 'ఏడుతరాలు'గా తెలుగు చేశాక ఆ పుస్తకం ఎన్ని హాస్టల్ గదులు తిరిగిందో లెక్కలేదు. కుంటా కింటే మనోడే అనుకున్నాం. గొలుసులతో ఓడెక్కినవాడి వారసుడు మళ్ళీ ఆ నేల మీద కొచ్చి నిలబడితే మనమూ ఏడ్చాం. కానీ మన సంగతి మనం అడుక్కోవద్దా? వైజాగపటం జిల్లా నించి, గంజాం జిల్లా నించి ఓడలెక్కి పోయిన మాల, మాదిగ, రెల్లి కూలీల మునిమనవలు మెడలో కెమెరా వేసుకుని తిరిగొస్తే ఎక్కడికొస్తారు? ఊళ్ళోకా, వాడలోకా? వాళ్ళు తీసే ఫోటోలో ఎవరుంటారు? దాని కింద ఏం రాసుంటుంది?

నా పేచీ ఆ కింద రాసే మాటతోనే.

పరదేశంలో పుట్టిన ఫోటోగ్రాఫర్ 'పూర్వీకుల నేల'కొచ్చి అక్కడి జనాన్ని ఫోటోలు తీసుకుపోవడం ఇవాళ ఒక కళారూపం అయికూచుంది. ఖరీదైన కాగితం మీద పుస్తకాలొస్తాయి. గ్యాలరీల్లో ప్రదర్శనలు పెడతారు. ముసలమ్మ మొహం మీద ముడతలు, వల లాగే చేతులు, తాటాకు చూరు సందులోంచి పడే ఎండ, పొగలో దీపం పట్టుకున్న పిల్ల. బొమ్మలు బాగానే ఉంటాయి, బాగోలేవని నేననను. కింద 'నా ప్రజలు' అని ఉంటుంది. లేకపోతే 'మత్స్యకారుడు, విశాఖ తీరం' అని ఉంటుంది. నీ ప్రజలంటే ఎవరు బాబూ? పంచాయితీ అరుగు మీద కూచున్నవాడా, ఆ అరుగు కింద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డవాడా? ఇద్దరూ నీకు తాతలు కారు కదా!

మనోళ్ళ మొహాన్ని కెమెరా మొదట చూసింది ముచ్చటపడి కాదు, పోలీసు కోసం. మారిషస్‌కి 1834 నించీ కూలీల్ని చెరకు తోటలకి తోలుకుపోయారు. ఒప్పందం గడువు తీరినవాళ్ళని 'పాత వలసదారులు' అన్నారు. వాళ్ళెక్కడ స్వేచ్ఛగా తిరుగుతారోనని 1867లో చట్టం చేశారు. ప్రతి పాత వలసదారూ ఫోటో అంటించిన టికెట్ దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా దొరికితే దేశదిమ్మరి కింద లెక్క, జైలు. 1871లో 9,401 మంది కూలీలు ఈ బాధల మీద అర్జీ పెట్టుకున్నారు. దాన్ని రాయడంలో దె ప్లెవిట్జ్ అనే ఆయన సాయపడ్డాడు. తోటల దొరలు ఆయన్ని కొట్టినంత పని చేశారు. 1872లో రాయల్ కమిషన్ వచ్చింది. ఆ టికెట్ల కోసం తీసిన ఫోటోలు ఇవాళ మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ భాండాగారంలో ఉన్నాయి. మునిమనవలు వెళ్ళి తాత ముత్తాతల ఫోటోలకి నకళ్ళు తెచ్చుకుంటారు, పెద్దవి చేయించుకుని గోడకి పెట్టుకుంటారు. పోలీసుకి చూపించడానికి పుట్టిన బొమ్మ, దండ వేయించుకునే బొమ్మయింది.

ఇది చదివినప్పుడు నాకు మా ఇంటి గోడ గుర్తొచ్చింది. మా తాత బతికున్నప్పుడు ఒక్కసారే ఫోటో తీయించుకున్నాడు. ఓడల దగ్గర బస్తాలు మోసే పనికి కాంట్రాక్టరు లేబర్ పాసు మీద అంటించడానికి. తపాలాబిళ్ళ కంటే కాస్త పెద్దది. గుడ్లురిమి చూస్తుంటాడు, ఎవడో అరిచి 'కదలకు' అన్నట్టు. ఆయన పోయాక మా నాన్న ఆ పాసు పట్టుకెళ్ళి పాతపట్నంలో స్టూడియోవాడికిచ్చాడు. వాడు దాన్ని పెద్దది చేసి, ఒంటిమీద చొక్కా కూడా సరిగా లేని మనిషికి రంగులతో నల్లకోటు, టై గీసిచ్చాడు. మా తాత జన్మలో వేసుకోని కోటు. ఈ కోటు బొమ్మలు మన వాడల్లో ఎన్నిళ్ళల్లో లేవు! ఫోటోగ్రఫీ గురించి గొప్ప గొప్ప సిద్ధాంతాలు రాసేవాళ్ళు ఈ కోటు గురించి ఒక్క ముక్క రాస్తే బాగుణ్ణు. పాసు ఫోటోని పాసు ఫోటోగా ఉండనివ్వకపోవడం కూడా ఒక విమర్శే.

పోలీసు తర్వాత కెమెరా పట్టుకొచ్చింది శాస్త్రం. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలు అచ్చేశాడు, దక్షిణ భారత కులాలు తెగల మీద. ముక్కుల పొడుగూ వెడల్పూ కొలిచాడు. తలలు కొలిచాడు. మనోళ్ళని నిలబెట్టి ఫోటోలు తీయించి కింద కులం పేరు రాయించాడు. మనిషికో పేరుంటుందన్న ధ్యాస లేదు. పాసు మీద మనిషి ఒక నెంబరు. థర్‌స్టన్ దగ్గర మనిషి ఒక కులం. ఇప్పుడొచ్చే ప్రవాసి కళాకారుడి దగ్గర పేరూ లేదు, కులమూ లేదు, ఉత్త 'నా ప్రజలు'. ముందటి రెండూ మనల్ని కట్టేశాయి, నిజమే. మూడోది మనల్ని మాయం చేస్తోంది. ఏది నయమో మీరే చెప్పండి.

'తిరిగి రావడం' అనే మాటలోనే తిరకాసుంది. మన తీరం నించి మనుషులు పోయిన దారుల్లో పెద్దది బర్మా దారి. విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ పోయేవాళ్ళు. 1933లో ఇక్కడ లోపలి హార్బరు తెరిచేదాకా స్టీమరు సముద్రంలో దూరంగా ఆగేది, పడవల మీద వెళ్ళి ఎక్కాలి. అక్కడ మనోళ్ళని 'కోరంగీలు' అన్నారు. ఓడల్లో సరుకు ఎత్తీ దించే పని మనది, రిక్షా లాగే పని మనది, పాకీ పని మనది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, దాన్ని విరగ్గొట్టడానికి బర్మా కూలీల్ని పెట్టారు. సమ్మె తేలాక వాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలై పేదోడు పేదోణ్ణి నరుక్కున్నాడు. దొరల కంపెనీలకి మాత్రం ఏం కాలేదు. 1942లో జపాన్ బాంబులకి జనం అడవులూ కొండలూ పడి నడిచొచ్చారు. బర్మా వదిలి వచ్చిన భారతీయులు సుమారు 5 లక్షలు, దారిలో పోయినవాళ్ళు వేలల్లో. అదే ఏడు ఏప్రిల్ 6న జపాన్ బాంబులు విశాఖపట్నం మీద కూడా పడ్డాయి. నడిచొచ్చినవాళ్ళ వెనకే బాంబు కూడా వచ్చింది! 1962లో నెవిన్ గద్దెనెక్కాక, దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మళ్ళీ ఓడల మీద ఓడలు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అట్లా వచ్చిందే.

వీళ్ళు ప్రవాసులు కారా? పూర్వీకుల నేలకి తిరిగిరాలేదా? అయినా ప్రవాస సాహిత్యం మీద సెమినార్లు పెట్టేవాళ్ళు బర్మా క్యాంపుకి రారు. మెడలో కెమెరా ఉంటే ప్రవాసి, నెత్తిన మూటుంటే కాందిశీకుడు. అదీ తేడా.

తిరిగొచ్చేవాళ్ళందరికీ ఒకే నేల దొరకదు. ట్రినిడాడ్‌లో పుట్టిన నైపాల్ 1962లో ఇండియా వచ్చి, అమ్మ తరపు తాత వదిలిపోయిన ఉత్తరప్రదేశ్ పల్లె చూడబోయాడు. 1964లో వచ్చిన తన పుస్తకంలో దాని గురించి రాశాడు. అది బ్రాహ్మణ పల్లె. అక్కడ ఆయన కోసం గుడి ఉంది, చుట్టాలున్నారు, భూమి తగాదా కూడా ఉంది. విసుక్కుని వెళ్ళిపోయాడనుకోండి. విసుక్కోవడానికైనా ఒక ఊరుండాలి కదా. మాల కూలీ మునిమనవడికి తగాదా పడ్డానికి సెంటు భూమి లేదు.

ఇంకో మనిషి ఒమర్ బాద్షా. ఈయన్ని నేను గౌరవిస్తాను. 1945లో డర్బన్‌లో పుట్టాడు, గుజరాతీ ముస్లిం కుటుంబం. యూనియన్లలో పనిచేశాడు. 1979లో వేసిన పుస్తకాన్ని అక్కడి తెల్ల ప్రభుత్వం నిషేధించింది. 1982లో ఆఫ్రాపిక్స్ అనే ఫోటోగ్రాఫర్ల సంఘం పెట్టినవాళ్ళలో ఒకడు. పోరాటానికి కెమెరా ఒక పనిముట్టు అని నమ్మిన తరం. అలాంటివాడు అపార్తీడ్ పోయాక, 1996లో గుజరాత్‌లో తాతల ఊరికొచ్చి అక్కడి జీవితాన్ని ఫోటోలు తీశాడు. మన మధ్య దీని మీద చర్చ జరగలేదు, జరగాల్సింది. ఎందుకంటే దక్షిణాఫ్రికాలో ఫోటోగ్రాఫర్‌కి అప్పట్లో ఒక సదుపాయం ఉండేది, చేదు సదుపాయం. అక్కడ వివక్ష బోర్డు కట్టుకుని కూచుంది. బెంచీ మీద 'తెల్లవారికి మాత్రమే' అని రాసుండేది. నల్లవాడి జేబులో ఫోటో అంటించిన పాసు పుస్తకం ఉండేది. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో జనం ఆ పాసులకి ఎదురు తిరిగితే కాల్చేశారు, అధికారిక లెక్క 69 శవాలు. బోర్డునీ, పాసునీ ఫోటో తియ్యొచ్చు. మన దగ్గర కులం ఏ బోర్డు కట్టుకుంది? హోటల్లో రెండు గ్లాసులు తీస్తావు సరే. వాడ ఊరికి ఏ దిక్కునుందో అది లెన్సులో పట్టదు. నీళ్ళకెళ్ళిన పిల్ల బోరు దగ్గర ఎంతసేపు ఆగిందో పట్టదు. అందుకే ఇక్కడ సగం పని ఫోటో చేస్తే మిగతా సగం దాని కింద అక్షరాలు చెయ్యాలి. ఈ సగం ఎగ్గొట్టినవాడు ఎంత గొప్ప పోరాటయోధుడైనా మన నేల మీద టూరిస్టే అవుతాడు.

పైగా డర్బన్‌లో గుజరాతీ వర్తకులు వేరు, గిరిమిటియాలు వేరు. వర్తకులు సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని పోయినవాళ్ళు. ఉత్తరాలు రాసుకున్నారు, పెళ్ళిళ్ళకి వచ్చిపోయారు. వాళ్ళకి తాత ఊరి అడ్రసు చెదరలేదు. 1860 నించి 1911 దాకా నాటల్‌కి ఒప్పందం మీద పోయిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాసు ఓడలెక్కినవాళ్ళు, అందులో మన జిల్లాలవాళ్ళు చాలామంది. వాళ్ళ అడ్రసు ఓడ రిజిస్టర్లో ఒక అడ్డగీత. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. అంతే.

అట్లాంటి అడ్డగీత నకలు పట్టుకుని కొన్నేళ్ళ కిందట డర్బన్ నించి ఒకాయన వచ్చాడు. ఫోటోగ్రాఫరు, యాభై ఏళ్ళుంటాయి. అప్పటి వైజాగపటం జిల్లా అంటే చిన్నది కాదు, ఇప్పటి విజయనగరం, జయపూర్ కొండలు అన్నీ అందులోనే. ఆయన ఊరు ఇప్పుడు విజయనగరం జిల్లాలో తేలింది. ముందు ఊరి పెద్దల దగ్గరికి తీసుకుపోయారు. శాలువా కప్పారు. రామాలయం, రావిచెట్టు, కోలాటం అన్నీ ఫోటోలు తీసుకున్నాడు. ఎవరో ఇంగ్లీషు వచ్చని నా దగ్గరికి పంపిస్తే ఆ కాగితం నేను చూశాను. కులం గడిలో 'మాల' అని ఉంది. ఊళ్ళోవాళ్ళు చదవలేకపోయారా, చదివి మడిచి ఇచ్చేశారా, అది వాళ్ళకే తెలియాలి. నేనడిగాను, ఇదేంటో తెలుసా అని. ఆయన నవ్వుతూ చెప్పాడు: అక్కడ తెలుగు భజనల్లో నేర్చుకున్నాను, మాల అంటే దండ కదా, మా వాళ్ళు పూలు కట్టేవాళ్ళేమో!

నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సముద్రం దాటితే కులం పోతుందంటారు. పోయింది చూడండి, పూలదండయి పోయింది. అక్కడ 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు, భాషని బతికించుకున్నారు, నమస్కారం పెట్టాల్సిందే. 1990లో మారిషస్‌లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. కానీ అట్లాంటి సభల తెలుగుతనంలో పద్యానికి చోటుంది, కూచిపూడికి చోటుంది, ఓడ రిజిస్టర్లో కులం గడికి చోటు లేదు. దాక్కున్నవాడికి దాచుకునే హక్కుంది, వాడి నొప్పి వాడిది. వెదకడానికొచ్చినవాడికి ఆ హక్కు లేదు.

ఆయన్ని వాడకి తీసుకెళ్ళాను. ఒక ముసలమ్మ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "ఎవలోలు బావూ మీరు?" అంది. మనోలేనమ్మా, ఎనకటికి ఓడెక్కిపోయినోలు, అని చెప్పాను. ఆయన గెడ్డం పట్టుకుని అడిగింది, "అక్కడ మీ వోల్లు సుకంగా అన్నం తింతన్నారేటి?" ఆయన తర్జుమా చెయ్యమని నా వైపు చూశాడు. చెప్పేసరికి కెమెరా కిందికి దించేశాడు. తర్వాత రెండ్రోజులుండి ఇరవై ముప్ఫై మందిని తీశాడు, పేర్లు అడిగి రాసుకున్నాడు. నాలుగు నెలలకి ప్రింట్లు పంపాడు, మాట తప్పలేదు. ముసలమ్మ ఫోటో నిజంగా బాగుంది. ఆవిడ మాత్రం నా ముక్కుపుడక కనపళ్ళేదేటి అని అలిగింది. నా గొడవ ఫోటో కింద రాసిన ఇంగ్లీషు ముక్కతో. ఆవిడ పేరుంది, వయసుంది, ఊరి పేరుంది. ఆ ఊరి పేరే అబద్ధం. ఆవిడ ఊళ్ళో లేదు, వాడలో ఉంది. ఉత్తరం రాస్తే జవాబొచ్చింది: కులం పేరు రాస్తే ఆవిడకి అవమానం కాదా అని. మంచి మనసుతోనే అడిగాడు. ఈ మంచి మనసుతోనే మనం చచ్చేది. కులం చెప్పడం అవమానం అనుకుంటే, ఆ అవమానం చేసినవాడికి అంటాలి. పడ్డవాడి దగ్గర దాన్ని చెరిపేసి చేసినవాణ్ణి రావిచెట్టు కింద శాలువాతో నిలబెట్టి ఫోటో తీస్తే ఎట్లా?

కులం రాసి, పేరూ రాసి, తలెత్తుకు నిలబెట్టినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఫోటో కాదుగానీ, సుజాత గిడ్ల చేసింది ఈ పనే. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ, ఇక్కడికొచ్చి మేనమామ కె.జి. సత్యమూర్తి చెప్పినవి, అమ్మ చెప్పినవి రికార్డు చేసుకుని 2017లో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. మన శివసాగర్ ఆ సత్యమూర్తే, 2012లో పోయాడు. ఆ పుస్తకంతో, ముఖ్యంగా ఉద్యమం గురించి రాసిన కొన్ని పేజీలతో మనలో చాలామందికి పేచీలున్నాయి, నాకూ ఉన్నాయి. ఉండనీండి. 'నా ప్రజలు' అని గాల్లో అనలేదు ఆవిడ. మా మామ, మా అమ్మ, మేం మాలలం, క్రైస్తవులం, ఇదీ మా ఇల్లు అని లెక్క అప్పజెప్పింది. బొంబాయిలో సుధారక్ ఓల్వే పాకీ పనివాళ్ళని ఏళ్ళ తరబడి తీశాడు. తమిళనాట పళనికుమార్ మ్యాన్‌హోళ్ళలో చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళకి కెమెరా పట్టుకెళ్ళాడు. వీళ్ళు సముద్రం దాటి వచ్చినవాళ్ళు కారు. మురికి ఎవరెత్తుతున్నారో, ఏ కులమో, ఎందుకో చెప్పకుండా ఫోటో పూర్తికాదని తెలిసినవాళ్ళు. విశాఖలో రెల్లి వాళ్ళు తెల్లారకముందే ఊరంతా ఊడుస్తారు. బీచిరోడ్డు సూర్యోదయం ఫోటోలు వేలకి వేలున్నాయి. ఆ సూర్యోదయానికి ముందు ఆ రోడ్డుని ఊడ్చిన చెయ్యి ఎన్నిట్లో ఉంది?

మనోళ్ళ పేర్లతో సహా పేపర్లలో ఫోటోలు పడ్డ సందర్భాలు లేకపోలేదు. 1985 జులై 17 కారంచేడు. 1991 ఆగస్టు 6 చుండూరు. మన వైపు 2012 జూన్ 12 లక్ష్మింపేట, మడ్డువలస రిజర్వాయరు భూముల దగ్గర అయిదుగురు. అప్పుడు పేరూ రాస్తారు, కులమూ రాస్తారు, ఊరి పేరూ రాస్తారు. చచ్చాక.

ఇంకో సంగతి. రిజిస్టర్లో ఊరి పేరు చూసుకుని వచ్చే మునిమనవడికి ఒక్కోసారి ఊరే ఉండదు. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. 64 గ్రామాలు లేచిపోయాయి. 16 వేలకి పైగా ఆర్ కార్డులిస్తే ఉద్యోగాలు దాదాపు సగంమందికే. 2021లో ఆ ఫ్యాక్టరీనే అమ్మేస్తామన్నారు. ఆ గ్రామాల్లో భూమి ఉన్నవాడికి పరిహారం కాగితం మీద ఎకరాల లెక్కైనా మిగిలింది. భూమి లేక పాలేరుతనం చేసినవాడి వాడకి ఏ కాగితం మిగిలింది? 'పూర్వీకుల నేల' ఫోటో తియ్యాలంటే కొలిమి పొగ గొట్టాన్ని తియ్యాలి. అదీ నిజమైన ఫోటోనే, కింద సరైన మాట రాస్తే.

యూనివర్సిటీలో చదువుతున్న పిల్లలు ఒకటి గమనించాలి. డర్బన్ నించో పోర్ట్ లూయీ నించో ఎవరో వచ్చి మన ఫోటోలు తీసేదాకా కూచోనక్కర్లేదు, వస్తే వద్దననూ అక్కర్లేదు. ఎర్ర అట్టల రిజిస్టర్లు వాళ్ళ దగ్గరున్నాయి, వాడల గుర్తులు మన దగ్గరున్నాయి. కంచరపాలెం బర్మా క్యాంపు ఎంత దూరం? సిటీ బస్సు. అక్కడ ట్రంకు పెట్టెల అడుగున రంగూన్ స్టూడియోల్లో దిగిన ఫోటోలు ఇంకా ఉన్నాయి, చెమ్మకి అంచులు పోయి. చాలావాటి వెనక పేర్లు లేవు. 1964లో ఓడ దిగినప్పుడు ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటింది. అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగేది వాళ్ళే.